రాధాబాయి ఒంటిచేతి స్వెట్టర్లు

హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో ఉండే రాధాబాయి తన జన్మలో ఒక్క స్వెట్టరైనా పూర్తిగా అల్లిన పాపాన పోలేదు. అలాగని అల్లిక రాదా అంటే, ఆమె వేళ్ళ మధ్య సూదులు ఆడుతుంటే చూసేవాళ్ళకు చేతిలో చాయ్ చల్లారిపోయిన సంగతి కూడా తెలియదు. వీపు అల్లుతుంది. ముందుభాగం అల్లుతుంది. మెడ తిప్పుతుంది. ఒక చెయ్యి దించుతుంది. రెండో చెయ్యి మొదలుపెట్టే వేళకు సూదులు ఎక్కడివక్కడ గుచ్చేసి, దాన్ని అల్మారాలోకి నెట్టి, ఇంకో రంగు ఊలు ఉండ చేతిలోకి తీసుకుంటుంది. లోకంలో ఆరంభశూరులు చాలామంది ఉంటారు. రాధాబాయి ముప్పాతిక శూరురాలు.

పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన మర్నాడే కోడలు రాగసుధకు ఈ సంగతి నెత్తిన పడింది. నిజంగానే నెత్తిన పడింది. దుప్పటి కోసం అల్మారా తలుపు తీస్తే, ఒంటిచేతి స్వెట్టర్లు, నడినెత్తి లేని టోపీలు, జత కుదరని సాక్సులు, మఫ్లరు కావాలో శాలువా కావాలో తేల్చుకోలేక ఆగిపోయిన పొడుగాటి పట్టీలు, అన్నీ కట్టగట్టుకుని మీదికి దూకాయి. చప్పుడు విని రాధాబాయి వంటింట్లోంచి వచ్చింది. కోడలి తల కనిపించేదాకా ఊలు పక్కకు జరిపింది.

"దెబ్బ తగిలిందా బిడ్డా?"

"లేదు అత్తయ్యా. ఇవన్నీ ఏమిటి?"

"అవా? అవి నడుస్తున్నయి."

"ఎప్పటినుంచి?"

రాధాబాయి ఒక నీలం స్వెట్టరు పైకెత్తి చూసింది. "గిది కిశోర్ అయిదో తరగతిల ఉన్నప్పుడు మొదలువెట్టిన. ఒక్క చెయ్యే మిగిలింది. గింతల ఆగమాగం పెరిగిండు వాడు. ఇగ వాని కొడుక్కు వస్తదని ఉంచిన."

ముందురోజే పెళ్ళి పీటల మీదినుంచి లేచిన రాగసుధ, ఇంకా పుట్టని కొడుక్కి సిద్ధంగా ఉన్న ఆ స్వెట్టరును మడిచి మళ్ళీ అల్మారాలో పెట్టింది.

రాగసుధది విజయవాడ. కోఠీలో ఒక ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం. పెండింగు అన్న మాట వింటేనే ఆమెకు ఒళ్ళు దురద పెడుతుంది. అలాంటి మనిషి ఎక్కడ చెయ్యి పెట్టినా పెండింగే తగిలే ఇంట్లో వచ్చి పడింది. ఫ్రిజ్ మీద ఊలు. బియ్యం డబ్బా వెనక ఊలు. దేవుడి గూట్లో పై అర దేవుళ్ళది, కింది అర ఊలుది. మామగారు విఠల్‌రావు కరెంటాఫీసులో రిటైరైనప్పుడు తోటివాళ్ళు ప్రేమగా ఒక పడక కుర్చీ బహూకరించారు. ఇంటికి తెచ్చిన సాయంత్రం ఆయన అందులో కాసేపు కూర్చుని, చెయ్యి కడుక్కోవడానికి లేచారు. తిరిగొచ్చేసరికి దాని నిండా ఊలు ఉండలు కూర్చుని ఉన్నాయి. అప్పటినుంచి ఆయన వంటింటి స్టూలు మీదే పేపరు చదువుతున్నారు.

"చలి ఉన్న ఊరైతే వేరే ముచ్చట" అనేవారు ఆయన. "ఈ ఊర్ల చలి పట్టుమని పదొద్దులు ఉండది. అండ్ల అయిదొద్దులు ఫ్యాన్ వేసుకుంటం."

ఆ ఇంటికి కొత్తగా వచ్చేవాళ్ళు కూర్చునే ముందు కుర్చీ తడిమి చూసుకోవాలి. ఈ నియమం తెలియని బ్యాంకాయన ఒకరు, ఇంటి లోను కాగితాల మీద సంతకాల కోసం వచ్చి, సోఫాలో కూర్చున్నంత వేగంగానే పైకి లేచాడు.

"కదలకు నాయనా, కదలకు. సూది వంగుతది" అంటూ రాధాబాయి పరుగెత్తుకొచ్చింది. సూది తీసి వెలుతురులో పెట్టి చూసుకుని, వంగలేదని నిమ్మళించింది. అప్పుడు బ్యాంకాయన వంక చూసింది. ఆమె మెడలో డాక్టర్ల మెడలో గొట్టంలాగా ఎప్పుడూ ఒక కొలత టేపు వేలాడుతుంటుంది. అది తీసి అతని భుజాల మీద పరిచింది.

"భుజాలు మస్తుగున్నయి. గీ బూడిద రంగు నీకు మంచిగుంటది. వచ్చే ఆదివారం ఒక్కసారి వచ్చి పో."

లోను మంజూరైంది. బ్యాంకాయనకు వేరే ఊరు బదిలీ కూడా అయింది. బూడిద రంగు స్వెట్టరు మాత్రం నడుస్తూనే ఉంది.

రాగసుధ అన్నిటికీ అలవాటుపడింది గాని ఆదివారాలకు అలవాటుపడలేకపోయింది. ఆ రోజు కొలతలవాళ్ళు వస్తారు. ముందుగా రామలింగం. గల్లీ చివర ఒంటరిగా ఉండే ఈయన ఒకప్పుడు క్రికెట్ అంపైరు. ఇప్పుడు మ్యాచ్‌లు లేకపోయినా నడుం వెనక చేతులు కట్టుకుని, ఎవరో అప్పీలు చేయబోతున్నట్టు నడుస్తారు. ఇచ్చిన తీర్పు వెనక్కి తీసుకోవడం ఆయన చరిత్రలో లేదని గల్లీలో పేరు. ఆయనకు రాధాబాయి తెల్ల స్వెట్టరు అల్లుతోంది. అది మొదలుపెట్టి రెండు ప్రపంచ కప్పులు గడిచిపోయాయి.

"తినొచ్చిన వదినా" అని గడపలోనే చెప్పేవారు రామలింగం.

"నువ్వు తిన్నవా లేదా అని ఎవ్వరన్న అడిగిన్రా? కడుపు నిండితే నడుం కొలత ఎంతుంటదో చూడాలె నాకు. గా ఖిచిడీ తిని వచ్చి నిలబడు."

ఆయన బుద్ధిగా తినేవారు. ఖిచిడీలోకి చేసిన చింతపండు ఖట్టా రెండోసారి వేయించుకునేవారు. అప్పుడు నిలబడి చేతులు చాపేవారు. రాధాబాయి కొలిచి, పెదవి విరిచి, "కిందటిసారికి ఇప్పటికి ఫరక్ వస్తుంది. మళ్ళ ఆదివారం రా" అనేది.

ఆ తర్వాత సఫియా బేగం. ఎదురు వరసలో జాకెట్లు కుడుతుంది. ఆవిడ శాలువా అంచు దగ్గర ఏ రంగు వెయ్యాలో ఇప్పటిదాకా తేలలేదు. "గులాబీనా, నారింజనా?" అని రాధాబాయి అడగడమే ఆలస్యం, సఫియా బేగం కూర్చుని మాటలు మొదలుపెట్టేది. మరిది పెళ్ళి, మేకపిల్లకు జలుబు, కరాచీ బేకరీ దాకా పోయి మర్చిపోయి వచ్చిన పర్సు, అన్నీ చెప్పి, లేచేటప్పుడు "రంగు సంగతి మళ్ళ జుమ్మాకు చూద్దాం బాజీ" అనేది. శుక్రవారం జుమ్మా పోయి ఆదివారం వచ్చేది. రంగు తేలేది కాదు.

చివరిగా పక్కింటి మాన్య. సీఏ పరీక్ష తప్పింది ఆ పిల్ల. అప్పటినుంచి గది తలుపు వేసుకుని ఉండేది. రాధాబాయి వెళ్ళి, "చెయ్యి ఖాళీగుందా?" అని పిలుచుకొచ్చి, రెండు చేతులకూ ఊలు చుట్ట తగిలించి, ఎదురుగా కూర్చుని ఉండ చుడుతుండేది. చేతులకు ఊలు ఉంటే ఫోన్ పట్టుకోవడానికి లేదు, లేచి పోవడానికి లేదు. ఆ పిల్లకు మాట్లాడటం తప్ప వేరే దారి ఉండేది కాదు.

రాగసుధకు ఇదంతా చూస్తే ఒకటే అనిపించేది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది, దాని చుట్టూ కూర్చుని ఈ ఇల్లు ఖిచిడీ తింటోంది.

"ఒక్కటైనా పూర్తి చెయ్యొచ్చు కదా మీ అమ్మగారు?" అని భర్త నందకిశోర్‌ను అడిగింది.

"నాది చేస్తుందని ఇరవై ఏండ్లు చూసిన" అన్నాడు నందకిశోర్. "నువ్వు ఫికర్ చెయ్యకు. తలుపు మెల్లగ తియ్యి, అంతే."

ఆ యేడు మాఘమాసంలో రాధాబాయి తన ఊలు ఉండ మీద తనే కాలేసింది. ఉండ దొర్లింది, ఆమె దొర్లింది, కుడి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో కట్టు కట్టి నెలన్నర చెయ్యి కదపకూడదన్నారు. ఇంట్లో ఉంటే ఆమె ఎడమ చేత్తోనైనా వంటింట్లో దూరుతుందని తెలుసు గనక, సంతోష్‌నగర్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి పంపించారు. ఆటో ఎక్కుతూ రాధాబాయి కోడలితో, "ఆదివారం వాళ్ళు వస్తే జర చూస్కో" అంది. చూసుకోవడమంటే ఏమిటో చెప్పలేదు.

రాగసుధ తనకు తెలిసినట్టు చూసుకుంది. విజయవాడకు ఫోన్ చేసి వాళ్ళ అమ్మను పిలిపించింది.

బాలత్రిపురసుందరిగారు మొదలుపెట్టిన పని పూర్తి కాకుండా మంచినీళ్ళు కూడా తాగని మనిషి. సినిమా మధ్యలో కరెంటు పోతే హాలు మేనేజరుతో మిగతా కథ చెప్పించుకుని గాని ఇంటికి వెళ్ళలేదని భర్త ఉమాపతిగారు ఇప్పటికీ చెబుతారు. ఆవిడ అల్మారా తలుపు తీసింది. ఊలు మీద పడకుండా ఒక చేత్తో ఆపింది. చీర కుచ్చిళ్ళు దోపుకుంది.

"వదినగారు ముత్యాలు గుచ్చినట్టు అల్లారే. ఒక్క చెయ్యి కోసం ఇన్నేళ్ళు ఆపడమేమిటి? ఎవరివి ఏవో చెప్పు, సుధా."

"అత్తయ్య వచ్చేసరికి అన్నీ అయిపోవాలమ్మా. చూసి ఆశ్చర్యపోవాలి."

"పోతారు" అంది బాలత్రిపురసుందరి.

ఆ ఇంట్లో ఆ నెల సూదుల చప్పుడు మిక్సీ చప్పుడును మించిపోయింది. ఆవిడ చేతులు దించింది, మెడలు బిగించింది, నడినెత్తులు మూసింది. తెల్లారి కాఫీకి ముందు ఒక సాక్సు, కాఫీ తర్వాత దాని జత. రాగసుధ ఆఫీసునుంచి వచ్చి గుండీలు కుట్టింది. విఠల్‌రావు రెండుమూడుసార్లు వచ్చి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా సుధా, గివి చేసుడు మంచిదే గాని… ఆమెను ఒక్కమాట అడిగితె ఎట్లుంటది?"

"సర్‌ప్రైజు మామయ్యా. మీ కుర్చీ ఖాళీ అయింది, చూశారా?"

విఠల్‌రావు కుర్చీ వైపు చూశారు. ఎన్నో ఏళ్ళ తర్వాత దాని గుడ్డ కనిపించింది. ఏదో చెప్పబోయినవారు, ముందు ఒకసారి కూర్చుని చెబుదామనుకున్నారు. కూర్చున్నారు. నిద్రపట్టేసింది. ఆ తర్వాత ఎప్పుడు చెప్పాలనుకున్నా ఆ కుర్చీలోంచే చెప్పాలనుకున్నారు గనక, ప్రతిసారీ అదే జరిగింది.

శివరాత్రి దాటింది, ఎండలు ముదిరాయి. రాగసుధ స్వెట్టర్లు మడతపెట్టి కవర్లలో వేసి ఇంటింటికీ ఇచ్చి వచ్చింది. రామలింగం తెల్ల స్వెట్టరును రెండు చేతులతో అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. "అయిపోయిందా?" అన్నారు. బదిలీ కాగితం అందుకున్నవాడి గొంతు అది. రాగసుధ దాన్ని ఆనందమనుకుంది. సఫియా బేగం శాలువా అంచు నారింజ రంగులో ఉండటం చూసి, "అచ్ఛా, తేలిపోయిందా" అని లోపలికి వెళ్ళిపోయింది. మాన్య తన స్వెట్టరు తీసుకుని, థాంక్యూ అక్కా అని తలుపు వేసుకుంది.

కట్టు విప్పించుకుని రాధాబాయి ఇంటికొచ్చింది. రాగసుధ అల్మారా తలుపు బార్లా తీసి చూపించింది. లోపల దుప్పట్లు, వాటి మీద నాఫ్తలీన్ ఉండలు. అంతకుమించి ఒక్క పోగు లేదు.

"అన్నీ అయిపోయాయి అత్తయ్యా. ఎవరివి వాళ్ళకు ఇచ్చేశాం."

రాధాబాయి ఆ ఖాళీ అల్మారా దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పెట్టి లోపలి అర తడిమింది. తర్వాత వియ్యపురాలి చెయ్యి పట్టుకుని, "మస్తు కష్టపడ్డరు వదినా" అంది. ఆ మాట మనసులోంచే వచ్చింది. కానీ ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి, అక్కడ చెయ్యడానికి ఏమీ లేకపోయినా, చాలాసేపు బయటికి రాలేదు.

ఆదివారం వచ్చింది. రాధాబాయి ఎప్పటిలాగే పెద్ద గిన్నె పెట్టి ఖిచిడీ వండింది. ఖట్టా చేసింది. చాయ్‌కి పాలు ఎక్కువ పోయించింది. బేకరీ ఫైన్ బిస్కెట్లు పళ్ళెంలో సర్దింది. మెడలో టేపు వేసుకుని వాకిట్లోకి రెండుసార్లు వెళ్ళొచ్చింది. ఎవరూ రాలేదు. నందకిశోర్ ముగ్గురి ఖిచిడీ తిని, నాలుగో మనిషిది తినలేక సోఫాలో వాలిపోయాడు. చుట్టూ చూసుకోకుండా వాలిపోగలిగిన మొదటి ఆదివారం అది. అయినా ఆ ఇంట్లో ఎవరికీ హాయిగా లేదు.

రాగసుధ అత్తగారి పక్కన వెళ్ళి కూర్చుంది.

"కోపం వచ్చిందా అత్తయ్యా?"

"కోపమెందుకు బిడ్డా? మంచిగనే చేసిన్రు."

"మరి?"

రాధాబాయి చీర కొంగు అంచు వేళ్ళతో చుట్టింది, విప్పింది. చేతిలో ఊలు లేకపోతే ఆమెకు మాటలు కూడా తొందరగా రావు.

"రామలింగం భార్య పోయినప్పుడు నేను అన్నం తీస్కపోయిన. తిన్న వదినా అన్నడు. మర్నాడు పిలిచిన. తినొచ్చిన అన్నడు. పొయ్యిల పిల్లి పండుకున్నది వానింట్ల. ఎట్ల తింటడు? ఇజ్జత్ ఉన్న మనిషి. భోజనానికి రమ్మంటే రాడు. కొలతకు రమ్మంటే వస్తడు. అందుకే స్వెట్టర్ పెట్టుకున్న."

రాధాబాయి కొంగు మళ్ళీ చుట్టింది.

"సఫియా భర్త మంచోడే. గాని పొద్దున లేస్తే మిద్దె మీద కబూతర్లతోని, గా పావురాలతోని మాట్లాడ్తడు, ఆమెతోని మాట్లాడడు. ఆమె నోరు ఎక్కడ తెరవాలె? ఇగ మాన్యకు గల్లీల అందరు సలహా ఇస్తరు. నేను సలహా ఇయ్య, ఊలు పట్టుకోమంట. అయిపోతే ఇగ ఏం పని ఉందని వస్తరు బిడ్డా వాళ్ళు?"

పడక కుర్చీలోంచి విఠల్‌రావు మెల్లగా గొంతు సవరించుకున్నారు. "నాకెరుకే" అన్నారు. "చెప్దామనే అనుకున్న. ఈ కుర్సీ…" అని మిగతాది మింగేసి, లేచి స్టూలు మీదికి మారారు.

ఆ సాయంత్రం రాగసుధ రామలింగం ఇంటికి వెళ్ళింది. తెల్ల స్వెట్టరు ఇస్త్రీ చేసి, అంపైరు టోపీ పక్కన మేకుకు తగిలించి ఉంది. బల్ల మీద సగం తిన్న బ్రెడ్డు పొట్లం, పచ్చడి సీసా. రామలింగం వాటి ముందుకు వచ్చి నిలబడ్డారు.

"భోజనం అయిందా అంకుల్?"

"అయింది బిడ్డా."

"స్వెట్టరు సరిపోయిందా?"

"ఫస్ట్ క్లాసుంది. మీ అమ్మగారి చెయ్యి బంగారం."

"ఒకసారి వేసుకుని సిక్సరు చూపించండి."

ఆయనకు అర్థం కాలేదు గాని, సిక్సరు చూపించమని ఎవరైనా అడిగి చాలా కాలమైంది. స్వెట్టరు వేసుకుని, ముఖం గంభీరంగా పెట్టి, రెండు చేతులూ ఆకాశానికెత్తారు. కొలిచి పోసినట్టుంది స్వెట్టరు. ఎక్కడా ముడత లేదు. రాగసుధ ఆయన చుట్టూ తిరిగింది. తన ఉద్యోగ జీవితంలో ఒక్క తప్పుడు అంకె మీద సంతకం చేయని మనిషి ఆమె.

"చంకలో బిగుతుగా ఉంది అంకుల్" అంది.

"లేదు బిడ్డా. మంచిగనే…"

"ఉంది. నాకు కనిపిస్తోంది. ఇలాగే వదిలేస్తే ఎవరైనా సిక్సరు కొట్టినప్పుడు మీ చేతులు పైకి లేవవు. ఫోరు ఇచ్చేస్తారు. మా అత్తయ్యకు చూపించాలి దీన్ని."

రామలింగం చేతులు దించలేదు. అంపైర్లు తొందరపడరు. ఆమె ముఖంలోకి చూశారు. గోడ మీది టోపీని చూశారు. తీర్పు మార్చుకోని మనిషి, జీవితంలో మొదటిసారి, మెల్లగా మార్చుకున్నారు.

"జర… బిగుతే ఉన్నట్టుంది."

"ఆదివారం రండి."

"పొద్దుగాలనా, పగటీలా?"

"పగటీల రండి. తినకముందొకటి, తిన్నాక ఒకటి, రెండు కొలతలూ కావాలట."

ఆదివారం రామలింగం ఆ మండుటెండలో ఉన్ని స్వెట్టరు వేసుకుని గల్లీ మధ్యలోంచి నడిచారు. చెమట కారుతోంది. నడక మాత్రం మ్యాచ్ మొదలుపెట్టడానికి వెళ్తున్నవాడి నడక. సఫియా బేగం మిషను ఆపి, "క్యా హువా రామలింగం భాయ్, జ్వరం గిట్ల వచ్చిందా?" అని అడిగింది.

"చంకల బిగుతైంది. రాధాబాయి కాడికి పోతున్న" అన్నారాయన, గల్లీ అంతా వినేలా.

సఫియా బేగం ఆయన వెనక కాసేపు చూసింది. తర్వాత తన శాలువా తెచ్చి, గుంజకు కట్టిన మేకపిల్ల మూతి ముందు ఆడించింది.

ఇక్కడ ఇంట్లో బాలత్రిపురసుందరి మర్నాటి రైలుకు పెట్టె సర్దుకుంటోంది. కూతురు ఆవిడకు ఏమీ చెప్పలేదు. ఇన్నాళ్ళ కష్టం వృథా అని కన్నతల్లితో ఎలా చెప్పాలో ఆమెకు తోచలేదు. అంతలో రామలింగం వచ్చి నిలబడి, బిగుతు సంగతి చెప్పారు. బాలత్రిపురసుందరి పెట్టె వదిలేసి వచ్చింది. అంపైరుగారి చంకలో తన చెయ్యి దూర్చి చూసింది. మోచేతి దాకా దూరింది.

"ఇదేం బిగుతండీ? ఇందులో ఇంకో మనిషి పడతాడు."

"ఎత్తినప్పుడు పట్టేస్తది అక్కా" అన్నారు రామలింగం, నేల చూపులు చూస్తూ.

ఆ మాట పూర్తికాకముందే సఫియా బేగం శాలువాతో వచ్చింది. నారింజ అంచు ఒక మూల లేదు. "మేక నమిలింది బాజీ. నారింజ రంగు చూస్తే దానికి గాజర్, గదే క్యారెట్ అనిపించినట్టుంది. వేరే రంగు చూద్దామా?" ఆమె వెనక మాన్య. స్వెట్టరు వదులైంది అంటూ తన నడుము దగ్గర గుడ్డను పిడికిట్లో పట్టి లాగి చూపించింది. లాగినకొద్దీ అది నిజంగానే వదులవుతోంది.

బాలత్రిపురసుందరి ముఖం ఎర్రబడింది. ఆవిడ పనిలో తప్పుపట్టినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు. ముగ్గురినీ వరసగా చూసింది. నిలదీద్దామని వియ్యపురాలి వైపు తిరిగింది. రాధాబాయి ఎవరి మాటా వినడం లేదు. పళ్ళేలు పెడుతోంది. మెడలో టేపు ఊగుతోంది. "ముందు తిను. కడుపు నిండినంక చూద్దాం బిగుతు" అంటోంది. రామలింగం కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆ ముద్ద తినే తీరు చూసింది బాలత్రిపురసుందరి. రెండో ముద్ద చూసింది. ఖట్టా కోసం ఆయన గిన్నె ముందుకు జరపడం చూసింది. సఫియా బేగం అప్పుడే మేకపిల్ల కథ సగానికి వచ్చింది. మాన్య నవ్వుతోంది. ఆ పిల్లకు పళ్ళు ఉన్నాయన్న సంగతి బాలత్రిపురసుందరికి ఆరోజే తెలిసింది.

ఆవిడ కూతురి ముఖంలోకి చూసింది. రాగసుధ తల వంచుకుంది. తల్లికి అంతకన్నా చెప్పనక్కర్లేకపోయింది.

"ఏదీ, ఆ స్వెట్టరు ఇలా ఇవ్వండి" అంది రామలింగంతో. ఆయన విప్పి ఇచ్చారు. లోపల చొక్కా చెమటతో తడిసి ముద్దైపోయి ఉంది. బాలత్రిపురసుందరి దాన్ని ఒడిలో పరిచి, కళ్ళజోడు సర్దుకుని, తను దించిన చేతిని పైనుంచి కిందికి చూసింది. అందులో ఒక్క కుట్టు తప్పు లేదు. ఆ సంగతి ఆవిడకన్నా బాగా ఎవరికీ తెలియదు.

"అవునండీ" అంది. "ఈ చెయ్యి తప్పే. తొందరపడి అల్లేశాను. వదినగారి చేతికీ నా చేతికీ పొత్తు కుదరలేదు."

అంచు దగ్గర ముడి విప్పి, పోగు పట్టుకుని ఒక్క లాగు లాగింది. చెయ్యి జరజరా విచ్చుకుపోయింది. మణికట్టు పోయింది, మోచెయ్యి పోయింది, భుజం దగ్గర ఆగింది. రాధాబాయి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఒంటిచేతి స్వెట్టరు బాలత్రిపురసుందరి ఒడిలో మళ్ళీ ఒంటిచేత్తో పడుకుని ఉంది. రామలింగం ఎంగిలి చేతులతోనే రెండు చేతులూ పైకెత్తి సిక్సరు ఇచ్చారు. విఠల్‌రావు చప్పట్లు కొట్టి, ఎవరూ అడగకుండానే పడక కుర్చీ దులిపి ఊలు ఉండలకు అప్పగించారు.

"వదినా" అంది రాధాబాయి. "గట్ల ఎట్ల విప్పిన్రు? మీ పానం ఎట్లొప్పింది?"

"ఒప్పలేదు" అంది బాలత్రిపురసుందరి. "ఇంకోసారి నా ముందు విప్పమనకండి. ఖిచిడీ పెట్టండి, ఆకలేస్తోంది."

ఆ తర్వాత అందరికీ తినడమే పనైంది. మాన్య పదార్థాలు అందిస్తూ, మళ్ళీ పరీక్షకు ఫీజు కట్టానని మాటల మధ్యలో చెప్పింది. ఎవరూ సలహా ఇవ్వలేదు. చేతులు చాచమని ఊలు చుట్ట తగిలించారు. చాయ్ వచ్చాక రామలింగానికి హుషారు పుట్టింది. ఎప్పటిదో ఒక ఫైనల్ మ్యాచ్ మొదలుపెట్టారు. ఆఖరి వికెట్. గెలవడానికి ఒక్క పరుగు చాలు. బ్యాటరు గట్టిగా కొట్టాడు, బంతి మబ్బుల్లోకి లేచింది. కింద ఫీల్డరు కాచుకుని ఉన్నాడు. సరిగ్గా అప్పుడు పక్క మొహల్లానుంచి తెగిన పతంగి ఒకటి వచ్చి అతని ముఖం మీద పడింది. బంతి వచ్చి ఆ పతంగిలో పడింది. నేల మీద పడలేదు.

"అందరు నా దిక్కు చూసిన్రు" అన్నారు రామలింగం. "మైదానం మొత్తం చూసింది. నేను చెయ్యి లేపిన."

"ఏ చెయ్యి?" అంది బాలత్రిపురసుందరి, కప్పు పక్కన పెట్టి.

రామలింగం లేచి, కండువా భుజాన వేసుకున్నారు. "పొద్దువోయింది. మిగిలింది మళ్ళ వచ్చినప్పుడు చెప్త అక్కా."

"అదేమిటండీ? అవుటో కాదో చెప్పి వెళ్ళండి."

"కొలతకు వస్త గద ఆదివారం" అని ఆయన గడప దాటారు, నడుం వెనక చేతులు కట్టుకుని, కడుపు నిండిన మనిషి నడకతో.

బాలత్రిపురసుందరి సఫియా బేగాన్ని అడిగింది, విఠల్‌రావును అడిగింది. ఎవరికీ తెలియదు. రాధాబాయిని అడిగితే, "నాకు చాన ఏండ్లనుంచి గక్కడి దాకనే చెప్తుండు వదినా" అంది. కాసేపటికి ఆవిడ లోపలికి వెళ్ళి, పెట్టెలో సర్దిన చీరలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ దండెం మీద వేసింది. భర్తకు ఫోన్ చేసింది. అటునుంచి ఉమాపతిగారు రేపు స్టేషనుకు ఎన్నింటికి రావాలని అడిగారు.

"రేపు రావడం లేదండీ. ఆవకాయ జాడీ పై అరలో ఉంది, పెరుగు తోడు పెట్టుకోండి. ఇక్కడ ఒకతను అవుటయ్యాడో లేదో తేలలేదు."